రెండు పక్కలా రాయించిన చీటీ

గుంతకల్లు తాసిల్దారాఫీసు ముందర
జిరాక్సంగట్లో ఫకృద్దీను అడుగుతాండాడు:
"ఏ పక్క పైకి రావాలక్కా?"

ఒక పక్క రాయించినా:
ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దు.
చెంచా వద్దు, గుడ్డ వద్దు, నీళ్లు అసలే వద్దు.
ఇంకో పక్క రాయించినా:
షుగరు పడిపోతే నోట్లో చక్కెర వేయండి.

పడేది మాత్రం ఒక మనిషే.
దానికీ చెమటే, దీనికీ చెమటే.
రెండింటికీ ముందు నా మాట నాకే
పక్కింటి రేడియో మాదిరి వినపడుతుంది.

మొదటిది పదకొండో యేట వచ్చింది
బుడ్డలు ఒలిచేటప్పుడు.
చేట బోర్లా పడింది. గింజలు వాకిలంతా.
అవ్వ ఎర్రగడ్డ చితగ్గొట్టి ముక్కుకాడ పెట్టింది.
ఇప్పటికీ ఎవరింట్లోనన్నా ఉగ్గానికి తాలింపు పెడితే
నాకు ఆకలి కాదు, ఆ మధ్యాన్నం గుర్తొస్తాది.

రెండోది ముప్పై ఎనిమిదికి.
దాని ఎనక థైరాయిడు,
పిలవని పెండ్లికి తోడికోడలొచ్చినట్టు.

నరాల డాక్టరు బాగా నిద్రపో అంటాడు.
షుగరు డాక్టరు తెల్లారకముందే లేచి నడువు అంటాడు.
చిగుళ్లు వాచినాయని పండ్ల డాక్టరు దగ్గరికి పోతే
ఇది మాత్రల వల్ల, వాళ్లనే అడుగు అంటాడు.
ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూడలేదు.
ముగ్గురి కాగితాలూ కలిసేది
నా ప్లాస్టిక్ కవర్లోనే.

రంజాన్‌లో మూడు గంటలకు వీధంతా లేస్తాది.
గిన్నెల చప్పుడు, సంగటి వాసన.
నేను దుప్పటి కప్పుకొని
నిద్రను గట్టిగా పట్టుకోనుంటాను.
ఆ నిద్ర చెడితే ఒకటి వస్తాది,
పస్తుంటే ఇంకొకటి వస్తాది.
అల్లాకు తెలుసులే.
మా ఆడబిడ్డకే ఇంకా తెలీదు.

బాత్రూం తలుపుకు గడియ పీకించినాం.
చెంబు చప్పుడు ఆగితే
రమీజా బయట నుంచి "మా!" అంటాది.
"ఆఁ" అంటాను.
సబ్బు రుద్దుకునేంత సేపూ అదే:
మా, ఆఁ, మా, ఆఁ.
పదైదేండ్ల పిల్లకు ఈ కాపలా ఏంటికో.
జాకెట్టు పర్సులో కలకండ పెట్టుకుంటే
నాకంటే ముందు చీమలకు అందుతాది.

పోయిన యేడు స్టేషన్‌లో పడినా,
అనంతపురం పెద్దాసుపత్రికి పోయే పొద్దు.
కండ్లు తెరిస్తే పిడికిట్లో తాళాల గుత్తి.
అయిదు చెవులు, ఒక చిన్న ఇత్తడి గంట.
పార్సిలు మూటల మింద ఒక ముసలాయన.
పేరు నారెప్పంట. రాత్రి డ్యూటీ దిగినాడు.
వాళ్ల రూము చెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది.
"పట్టు వదల్లేదమ్మా నువ్వు.
గుంజితే నొప్పి పుడతాదని కూచున్నా."
ఎంతసేపు?
"రెండు బండ్లు పోయినాయిలే."

ఇనుము పట్టుకుంటే ఫిట్స్ తగ్గదు.
డాక్టరు చెప్పినాడు, నాకూ తెలుసు.
కానీ ఆ చెవులు వెచ్చగా ఉండె.

"నీ చీటీ ఏ పక్క పైకొస్తుందో ఎవరికి తెలుసు,"
మొన్న డాక్టరమ్మ అనింది,
"ముందు పేరు పెట్టి పిలవమను.
పలికి మింగగలిగితే చక్కెర.
పలక్కపోతే నోట్లో ఏమీ వద్దు, పక్కకు తిప్పి
గడియారం చూస్తా కూచోమను.
అయిదు నిమిషాలు దాటితే నూటెనిమిది."

ఆ మాటే రెండు పక్కలా రాయించినా.
మిషన్లోంచి చీటీ నిగనిగలాడతా బయటికొచ్చింది.
ఫకృద్దీను తిప్పి చూసి, మళ్లీ తిప్పి చూసి,
"పేరు పెట్టి పిలవమన్నావు.
పేరేదక్కా?"

ఫిట్సామె అంటారు మా వీధిలో.
ఆసుపత్రిలో షుగరు పేషెంటు.
ఇంట్లో మా.
మా అవ్వ పోయినాంక
నిండు పేరు పెట్టి పిలిచిందెవరో
నాకు చప్పున గుర్తురాలేదు.

చీటీ ఇంకా వేడిగా ఉంది.

దస్తగిరమ్మ అని కొట్టు నాయనా.
రెండు పక్కలా, పెద్దచ్చరాలు.
మళ్లా ఇరవై రూపాయలా?
సరేలే, కొట్టు.